చిన్ని చేతులకు నిజమైన పని

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు... చెస్‌, అబాకస్‌, కీబోర్డు, ఈత, డ్రాయింగ్‌ అంటూ పిల్లల్ని తిప్పని ఇల్లుండదు. జూన్‌లో బడులు తెరిచేనాటికి కీబోర్డు మంచం కిందికీ, కుంచెలు అటక మీదికీ చేరిపోతాయి. ‘మావాడికి దేనిమీదా నిలకడ లేదండీ’ అని అమ్మానాన్నలు నిట్టూరుస్తారు. కానీ ఆ కీబోర్డు వాయిస్తే వినేదెవరు, ఆ బొమ్మ గీస్తే అది కావాల్సిందెవరికి... అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరైనా వేసుకున్నారా?

బడికి పంపకుండా ఇంటి దగ్గరే పిల్లల్ని చదివించుకునే కుటుంబాలు ఈ ప్రశ్నను తప్పించుకోలేవు. వాళ్లింట్లో గంట మోగదు. పీరియడ్లుండవు. ‘రేపే పరీక్ష’ అని భయపెట్టే టీచరూ ఉండరు. పొద్దున్నే లేచిన పిల్లాడు ఏదైనా చెయ్యాలంటే, అది చెయ్యాలని వాడికే అనిపించాలి. అందుకే అలాంటి కుటుంబాల్లో చాలామంది ఒక దారి పట్టారు. పిల్లాడికి దేనిమీద ఇష్టం ఉందో ఆ పని నిజంగా జరిగే చోటికి తీసుకెళ్లి, చేతనైనంత సాయం చెయ్యనివ్వడం... అంటే స్వచ్ఛంద సేవ. బడికెళ్లే పిల్లలున్న ఇళ్లు కూడా ఆ దారి నుంచి నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

లాక్‌డౌన్‌ చదువు కాదిది

హోమ్‌స్కూలింగ్‌ అనగానే చాలామందికి 2020 గుర్తొస్తుంది. కరోనా కారణంగా బడులు మూతపడి పిల్లలంతా సెల్‌ఫోన్ల ముందు కూర్చున్న రోజులవి. నిజానికి అప్పుడు జరిగింది బడినే ఇంట్లోకి తేవడం. అదే టైంటేబుల్‌, అదే హోంవర్కు, మనిషి మాత్రం తెరమీద. ఇంటిచదువు అది కాదు.

ఈ ఆలోచనకు అమెరికాలో ఊపు తెచ్చిన వ్యక్తి జాన్‌ హోల్ట్‌ (1923-1985). ఆయన మొదట టీచరే. తెలివైన పిల్లలు కూడా తరగతి గదిలో భయపడుతూ, సరైన జవాబు కోసం టీచరు ముఖంలోకి చూస్తూ గడిపేయడం గమనించి 1964లో ‘హౌ చిల్డ్రన్‌ ఫెయిల్‌’ అన్న పుస్తకం రాశారు. బడుల్ని మార్చవచ్చని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం సడలాక 1977లో ఇంటి దగ్గర చదువుకునే కుటుంబాల కోసం ‘గ్రోయింగ్‌ వితౌట్‌ స్కూలింగ్‌’ అనే పత్రిక ప్రారంభించారు. 1993 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఇంటిచదువుకు చట్టపరంగా దారి ఏర్పడింది.

పెద్దలు చేసే పనులకు పిల్లల్ని దూరంగా ఉంచకూడదన్నది హోల్ట్‌ ప్రధాన వాదన. తను కూడా దాదాపు నలభయ్యేళ్ల వయసులో సెల్లో వాద్యం నేర్చుకోవడం మొదలుపెట్టి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. నేర్చుకుంటున్న పెద్దవాళ్లను చూస్తూ పెరిగే పిల్లలకు ‘నేర్చుకో’ అని వేరే చెప్పాల్సిన అవసరం ఉండదు మరి!

ఓ పిచ్చుక తెరిచిన తలుపు

ఇష్టం ఎలా మొదలవుతుంది, దాన్ని పెద్దలు ఎలా ఆదుకోవాలి అన్నదానికి మనదేశంలో సలీం అలీ బాల్యం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1896లో పుట్టిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ముంబయిలో మేనమామ అమీరుద్దీన్‌ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. పదేళ్ల వయసప్పుడు ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టారు. తీరా చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ! రోజూ చూసే పిచ్చుక కాదది. అదేమిటని మేనమామను అడిగారు. ఆయనకూ తెలీదు.

మేనమామ ఆ తర్వాత చేసిన పనే ముఖ్యం. ‘పిట్టల సంగతి నీకెందుకు, పుస్తకం తియ్యి’ అనలేదు. తెలిసినట్టు నటించనూ లేదు. బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి మిల్లర్డ్‌కు ఓ పరిచయపత్రం రాసిచ్చి పంపించారు. తెల్లదొరతో మాట్లాడటానికి బెదిరిపోతూనే వెళ్లాడా పిల్లాడు. మిల్లర్డ్‌ ఆ పిట్ట పేరు చెప్పారు. సొరుగులు తెరిచి సొసైటీ సేకరించిన పక్షుల్ని చూపించారు. చదువుకోమని పుస్తకాలిచ్చారు. పక్షి చర్మాన్ని ఒలిచి పాడవకుండా భద్రపరిచే పని నేర్పించే ఏర్పాటూ చేశారు.

బడిచదువులో సలీం అలీ గొప్ప విద్యార్థేం కాదు. తలనొప్పులతో చదువు కుంటుపడి, 1913లో మెట్రిక్యులేషన్‌ ఎలాగో గట్టెక్కారు. తెలుగువాళ్లకు ఆయనతో దగ్గరి సంబంధమే ఉంది. 1931-32లో హైదరాబాద్‌ సంస్థానంలో పక్షుల సర్వే చేసింది ఆయనే. తన ఆత్మకథకు ‘ది ఫాల్‌ ఆఫ్‌ ఎ స్పారో’ అని పేరు పెట్టుకోవడంలోనే ఆ పిచ్చుక ఎంత లోతుగా నాటుకుందో తెలుస్తుంది.

ఇక్కడ మేనమామ పక్షిశాస్త్రం నేర్పలేదు. నేర్పగలిగిన మనిషి ఉన్న గుమ్మం దాకా పంపించారంతే. తల్లిదండ్రులకు అన్నీ తెలియక్కర్లేదు. ఎవరికి తెలుసో కనుక్కుంటే చాలు.

ఇంట్లోనే మొదలు

ఆ గుమ్మం చాలాసార్లు వంటింటిదే అవుతుంది. పదేళ్ల అమ్మాయికి ఇడ్లీపిండి బాధ్యత అప్పగించారనుకుందాం. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. మే నెలలో రాత్రి కలిపిన పిండి తెల్లారేసరికి గిన్నె దాటి గట్టుమీద పొర్లుతుంది. డిసెంబరులో అదే కొలత, అదే గిన్నె... పిండి కదలదు. ఎందుకని? వెచ్చదనం ఉంటే బ్యాక్టీరియా చురుగ్గా పనిచేస్తుంది, చలికి మందగిస్తుంది అన్న విషయం పుస్తకంలోనూ ఉంటుంది. కానీ పొద్దున్న ఇంటిల్లిపాదికీ ఇడ్లీలు రాళ్లలా వస్తే వచ్చే ప్రశ్న పుస్తకంలోంచి రాదు. మర్నాడు ఆ అమ్మాయే గిన్నెను పొయ్యి పక్కకు జరుపుతుంది. ఏ రోజు ఎన్ని గంటలు పట్టిందో క్యాలెండర్‌ మీద రాసిపెట్టుకుంటుంది.

కరెంటు బిల్లులో యూనిట్ల లెక్క, ఆవకాయ రోజున ఉప్పూ కారం ఆవపిండి పాళ్లు, తాతయ్య మందుల డబ్బాలో ఏ పూట ఏ మాత్ర... ఇవన్నీ ఇంటిచదువులో పాఠాలే. అయితే ఓ జాగ్రత్త! పిండి పొంగిందని ఆ పిల్ల గంతులేస్తుంటే వెంటనే ‘ఏదీ, దీనిమీద పది వాక్యాలు రాయి’ అన్నారో... పొంగినదంతా చప్పున చల్లారిపోతుంది. ప్రతి సరదానీ పాఠంగా మార్చేయడం, ఇంటిచదువు కుటుంబాలు తొలినాళ్లలో తరచుగా చేసే పొరపాటు.

తాబేలు ఎవరికోసమూ ఆగదు

ఇల్లు ఎంత నేర్పినా ఒకటి మాత్రం ఇవ్వలేదు... బయటివాళ్లతో కలిసి పనిచేసే అనుభవం. ఆ లోటు తీర్చేదే స్వచ్ఛంద సేవ. ఎలాగో తెలియాలంటే చెన్నై సముద్రతీరానికి వెళ్లాలి.

అక్కడ విద్యార్థులే 1988లో ఒక బృందంగా ఏర్పడి ఆలివ్‌ రిడ్లే తాబేళ్ల రక్షణ మొదలుపెట్టారు. ‘స్టూడెంట్స్‌ సీ టర్టిల్‌ కన్జర్వేషన్‌ నెట్‌వర్క్‌’ అన్న పేరుతో ఆ పని నేటికీ సాగుతోంది. గుడ్లు పెట్టే కాలంలో వాలంటీర్లు రాత్రిళ్లు ఇసుకలో కిలోమీటర్ల కొద్దీ నడుస్తారు. తల్లి తాబేలు పాకిన జాడను బట్టి గూడు కనిపెడతారు. గూటిలో వందకు పైగా గుడ్లుంటాయి. కుక్కలూ మనుషులూ ఎత్తుకుపోకుండా వాటిని కంచె వేసిన చోటికి తెచ్చి, తల్లి తవ్వినంత లోతులోనే మళ్లీ పూడుస్తారు. దాదాపు 45 నుంచి 55 రోజులకు పిల్లలు పైకొస్తాయి. వాటిని చీకట్లోనే సముద్రంలోకి వదలాలి. ఒడ్డున లైట్లుంటే సముద్రం అటే ఉందనుకుని రోడ్డువైపు పాకిపోతాయి మరి!

వారాంతాల్లో సాధారణ ప్రజలు కూడా ఈ నడకకు వెళ్లవచ్చు. అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వచ్చే పిల్లలూ ఉంటారు. అక్కడ ఓ పిల్లాడు ఏం నేర్చుకుంటాడు? ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడో మగో నిర్ణయమవుతుందని, వేడి పెరిగితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయని వింటాడు. జీవశాస్త్రం సరే. అంతకన్నా పెద్ద పాఠం ఇంకోటి ఉంది. ‘నిద్రొస్తోంది, రేపు వస్తాలే’ అంటే తాబేలు ఆగదు. మనకోసం కాకుండా ఇంకో ప్రాణి కోసం మన సమయాన్ని మార్చుకోవాలి. ఏ కోచింగ్‌ సెంటరూ చెప్పలేని పాఠమది.

బాధ కూడా ఉంటుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. చేపల వలల్లో చిక్కుకుని ఊపిరాడక చనిపోవడమే ఇలాంటి మరణాలకు ముఖ్యకారణం. అలాంటి రోజున ‘ఇవి ఎందుకు చచ్చిపోయాయి?’ అని పిల్లలు అడుగుతారు. వల గురించి, ఆ వలమీదే బతికే జాలరి కుటుంబం గురించి, తాబేలు బయటపడేందుకు వలలో అమర్చే సాధనం గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఎవరిదో ఒకరిది తప్పని తేల్చేయడం అంత సులువు కాదని పిల్లలకు అర్థమయ్యేది అక్కడే.

మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరమంతా ఈ తాబేళ్లు గుడ్లు పెడతాయి. అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకారుల సాయంతో గుడ్లను కాపాడుతున్నాయి. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇవి మొదటి షెడ్యూలులోని జీవులు. అనుమతి లేకుండా గుడ్లను ముట్టుకోవడం నేరం. కాబట్టి సొంతంగా తవ్వకూడదు. ఆ పని చేస్తున్నవాళ్ల వెంటే వెళ్లాలి.

పావుగంట చాలు

సముద్రం అందరికీ దగ్గర్లో ఉండదు. ఆకాశం ఉంటుందిగా! ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు జరిగే ‘గ్రేట్‌ బ్యాక్‌యార్డ్‌ బర్డ్‌ కౌంట్‌’ 1998లో అమెరికాలో మొదలైంది. 2013 నుంచి మనదేశంలోనూ జరుగుతోంది. కనీసం ఓ పావుగంట ఒకచోట నిలబడి, కనిపించిన పిట్టలేవి, ఎన్ని అన్నది లెక్కపెట్టి ‘ఈబర్డ్‌’లో నమోదు చేయడమే పని. ఫీజు లేదు. డాబా మీంచి కాకులూ గోరింకలూ లెక్కపెట్టినా లెక్కే. పిల్లాడు రాసిన ‘గోరింకలు 6, రామచిలుకలు 4, పికిలిపిట్ట 1’ అన్న చిట్టా శాస్త్రవేత్తలు వాడే సమాచారంలో కలుస్తుంది. ‘నేను తప్పు లెక్క రాస్తే వాళ్లూ తప్పు లెక్కిస్తారు’ అని తెలిసిన పిల్లాడు రెండోసారి తనంతట తనే సరిచూసుకుంటాడు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వెళ్తే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని సాకడం దగ్గర్నుంచి చూడవచ్చు.

పుస్తకాలంటే ఇష్టమా? శాఖా గ్రంథాలయంలో తిరిగొచ్చిన పుస్తకాలు అరల్లో సర్దడం, చిన్నపిల్లలకు కథ చదివి వినిపించడం చెయ్యొచ్చు. పడవల మీద పుస్తకాలు పెట్టి కాలువ గట్టు ఊళ్లకు తిప్పిన గ్రంథాలయోద్యమం మనది. మొక్కలంటే ఇష్టమా? బడి తోటో, కాలనీ పార్కో ఉంటుంది. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది కొత్తేం కాదు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో వారాంతాల్లో తెలుగు చెప్పేది స్వచ్ఛందంగా ముందుకొచ్చే అమ్మలూ నాన్నలే. అమ్మ ఇంకొకరి పిల్లలకు అక్షరాలు దిద్దించడం కళ్లారా చూసిన పిల్లలకు సేవ అంటే ఏమిటో వివరించాల్సిన పని లేదు.

అవసరమే గురువు

ఒకరి కష్టం కళ్లెదుట కనిపిస్తే నేర్చుకోవాలన్న పట్టుదల ఎంత గట్టిగా ఉంటుందో చింతకింది మల్లేశం కథ చెబుతుంది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చెయ్యి ఒక చీరకే దాదాపు 9 వేలసార్లు అటూఇటూ కదలాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజాలు పడిపోవడం చూసిన కొడుకు, ఇంజినీరింగ్‌ చదవకపోయినా, ఏళ్ల తరబడి తంటాలుపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

అయితే మల్లేశం బడి మానేసింది ఇష్టపడి కాదు, పేదరికం వల్ల. దాన్ని ఇంటిచదువు అనుకుంటే పొరపాటు. ఆ తేడా మర్చిపోతే ప్రమాదం కూడా.

కష్టాలూ లెక్కలోకి...

ముంబయికి చెందిన మాళవికా జోషిని ఏడో తరగతిలో తల్లి బడి మాన్పించారు. ఆ తల్లి అప్పట్లో క్యాన్సర్‌ రోగులకు సాయపడే ఓ స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవారు. జబ్బుపడిన బడి పిల్లల్ని చూశాక, తన కూతురు సంతోషంగా ఉండటమే ముఖ్యమనుకున్నారు. ఇంట్లో రకరకాల విషయాలు పరిచయం చేస్తుండగా పాపకు కంప్యూటర్‌ ప్రోగ్రామింగ్‌ మీద మనసు నిలిచింది. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్‌ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు వచ్చాయి. 2016లో పదిహేడేళ్లకే అమెరికాలోని ఎంఐటీలో సీటొచ్చింది. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. కానీ ఇంటర్‌ సర్టిఫికెట్‌ లేనందువల్ల ఐఐటీల తలుపు ఆమెకు తెరుచుకోలేదన్నదీ ఆ కథలో భాగమే. ఇంటిచదువు ఎంచుకునేవారు ఆ భాగాన్ని కూడా చదవాలి.

మనదేశంలో 2010 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటోంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష ఉంటుందని చెప్పలేదు. ఇంటిచదువు ప్రస్తావనా అందులో లేదు. అందుకే పరీక్షల దారి ముందే చూసుకోవాలి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్‌) ద్వారా 14 ఏళ్లు నిండినవాళ్లు పదో తరగతి, 15 నిండినవాళ్లు ఇంటర్‌ స్థాయి పరీక్షలకు నమోదు చేసుకోవచ్చు. పది పరీక్షను తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్‌ స్కూల్‌ సొసైటీలున్నాయి.

ఇంకో లెక్క ఉంది, అది మార్కులది కాదు. ఇంటిచదువంటే పెద్దల్లో ఒకరు పగలంతా ఇంట్లో ఉండాలి. చాలా ఇళ్లలో ఆ ‘ఒకరు’ అమ్మే. ఆమె ఉద్యోగం, ఆమె ఓపిక, ఆమె స్నేహాలు... ఇవన్నీ ఖర్చు కిందే రాసుకోవాలి. తోబుట్టువులు లేని పిల్లలకు ఒంటరితనమూ ఎదురవుతుంది. అన్నిటికంటే ముఖ్యం... ఆడపిల్లను బడి మాన్పించడానికి ఇదో సాకు కాకూడదు. ‘ఇంట్లో చదువు’ అని చెప్పి చంటిపిల్లాణ్ని ఎత్తుకోమనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

గీత ఎక్కడ గియ్యాలి?

సేవకూ చాకిరీకీ మధ్య గీత స్పష్టంగా ఉండాలి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. చదువుకు అడ్డురాకుండా, ప్రమాదం లేకుండా సొంత కుటుంబానికి సాయపడటం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి ‘అనుభవం వస్తుంది’ అని చెప్పి ఎవరి దుకాణంలోనో ఉచితంగా పనిచేయించడం సేవ అనిపించుకోదు.

పిల్లలు ఎక్కడికి వెళ్లినా, కనీసం మొదట్లోనైనా, అమ్మో నాన్నో తోడుండాలి. ఎంత మంచి సంస్థ అయినా పిల్లాడిని ఒక పెద్దమనిషితో ఒంటరిగా వదలకూడదు. వృద్ధాశ్రమానికి వెళ్తే అక్కడి తాతయ్యలతో కబుర్లు చెప్పాలి, పేపరు చదివి వినిపించాలి. పండు చేతిలో పెట్టి ఫొటో దిగి రావడానికైతే వెళ్లకపోవడమే మంచిది. సర్టిఫికెట్‌ ఇస్తారా అన్న ప్రశ్న పెద్దల నోట రాకూడదు. నాలుగు వారాలు చేశాక పిల్లాడు ‘ఇంక నాకొద్దు’ అంటే ఆ మాట వినాలి. కానీ మధ్యలో ఎవరైనా తనకోసం ఎదురుచూస్తుంటే, వాళ్లకు చెప్పి మానెయ్యడం కూడా నేర్పాలి.

బడి మాన్పించక్కర్లేదు

ఇదంతా ఇంటిచదువు కుటుంబాలకే అనుకోనవసరం లేదు. ఆదివారం రెండు గంటలు చాలు. ముందు ఓ నెల పిల్లాడిని గమనించాలి. చెప్పకుండా తనంతట తాను దేని దగ్గర ఆగుతున్నాడు? చీమల బారు దగ్గరా, స్కూటరు మెకానిక్‌ దగ్గరా, పక్కింటి మామ్మగారి పూజాపువ్వుల దగ్గరా? తర్వాత ఆ పని తెలిసిన మనిషిని వెతకాలి. ‘మా వాడికి నేర్పండి’ అని కాకుండా ‘మా వాడు మీకేమైనా సాయపడగలడా?’ అని అడిగి చూడాలి. మొదటి ప్రశ్నకు ఫీజు ఎంతో చెబుతారు. రెండోదానికి ‘రమ్మనండి, చూద్దాం’ అంటారు.

రాత్రి భోజనాల దగ్గర ‘ఇవాళ ఏం నేర్చుకున్నావ్‌?’ అని అడిగితే పిల్లలు సాధారణంగా ‘ఏం లేదు’ అంటారు. ‘ఇవాళ నీవల్ల ఎవరికి ఏ పని జరిగింది?’ అని అడిగితే కాస్త ఆలోచిస్తారు. కొన్నాళ్లకు ఆ జవాబు పొడుగవుతూ వస్తే... మంచం కింద చేరిన కీబోర్డు గురించి బెంగపడాల్సిన పనేం లేదు.